కెనెడీ హత్య, కుట్ర థియరీలు, మీడియా: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనెడీని ఎవరు చంపారో ఇక్కడ చెప్తారా?

నా అభిప్రాయం కిందెక్కడో చెప్పాను కానీ ఇక్కడ అసలు విషయం అది కాదండి. ఎవరు చంపారు అనేదాని మీద ఇప్పటికే బోలెడు రాశారు, ఇంకా రాస్తూనే ఉన్నారు. ఆ కుట్ర కథల్ని అమెరికా పేపర్లు, టీవీ ఛానళ్ళు, పత్రికలు ఈ 60 ఏళ్ళలో ఎలా చూశాయి, ఎక్కడ గుడ్డిగా కొట్టిపారేశాయి, ఎక్కడ గుడ్డిగా నమ్మేశాయి, ఎక్కడ నిజంగా పని చేశాయి, ఇవన్నీ అడిగేవాళ్ళకి ఒకేచోట ఉంటాయని రాస్తున్నాను. ఈ కేసులో అనుమానాలు ఇంత పెరగడానికి సగం కారణం గవర్నమెంట్ దాచిన కాగితాలైతే మిగతా సగం మీడియా చేసిన పనులే అని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు ఆరోజు ఏం జరిగింది, రెండు ముక్కల్లో చెప్పండి?

1963 నవంబర్ 22, శుక్రవారం మధ్యాహ్నం 12:30కి టెక్సస్‌లో డాలస్ సిటీలో డీలీ ప్లాజా దగ్గర టాప్ లేని కారులో వెళ్తున్న ప్రెసిడెంట్ జాన్ ఎఫ్ కెనెడీ మీద కాల్పులు జరిగాయి, ఒంటిగంటకి పార్క్‌లాండ్ హాస్పిటల్లో డాక్టర్లు చనిపోయారని చెప్పేశారు. ముందు సీట్లో ఉన్న టెక్సస్ గవర్నర్ కానలీకి కూడా బుల్లెట్ తగిలింది కానీ ఆయన బతికారు. పక్కనే ఉన్న టెక్సస్ స్కూల్ బుక్ డిపాజిటరీ బిల్డింగ్ ఆరో అంతస్తులో రైఫిల్ దొరికింది, అక్కడ పనిచేసే లీ హార్వీ ఓస్వాల్డ్‌ని అదే మధ్యాహ్నం ఒక సినిమా హాల్లో పట్టుకున్నారు. 24న పోలీస్ హెడ్‌క్వార్టర్స్ బేస్‌మెంట్‌లో జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ ఓనర్ అతన్ని కాల్చి చంపేశాడు. అంటే నిందితుడి మీద కోర్టు విచారణే జరగలేదు.

ఈ అనుమానాలన్నీ ఆలివర్ స్టోన్ తీసిన జేఎఫ్‌కే సినిమా వచ్చాకే కదా మొదలైంది?

కాదు. హత్య జరిగిన కొద్ది రోజులకే 1963లో గాలప్ సర్వే చేస్తే 52 శాతం మంది ఒక్కడే చేశాడంటే నమ్మం అన్నారు. 1976కి అది 81 శాతం అయ్యింది, సినిమా వచ్చింది 1991 డిసెంబర్‌లో. 2013లో 61కి తగ్గి, 2023లో మళ్ళీ 65 శాతం. అంటే ఏ ఏడాది అడిగినా నమ్మనివాళ్ళే ఎక్కువ. వీళ్ళందరూ పిచ్చివాళ్ళు, పనిలేనివాళ్ళు అన్నట్టు చాలా ఏళ్ళు కొన్ని పెద్ద పత్రికలు రాశాయి, జనాభాలో సగానికి పైగా ఉన్నవాళ్ళని పట్టుకుని అలా రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొదటి రోజు మీడియా చేసిన తప్పులు నిజంగా అంత పెద్దవా?

తప్పులు ఉన్నాయి, కానీ అవి చేసిన పరిస్థితి కూడా చూడాలి. కాల్పులు జరిగిన నాలుగు నిమిషాలకే 12:34కి యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ (యూపీఐ) అనే వార్తా సంస్థ రిపోర్టర్ మెర్రిమన్ స్మిత్ కారులో ఉన్న రేడియోఫోన్ నుంచి మొదటి వార్త పంపేశారు, అదే కారులో వెనక కూర్చున్న పోటీ సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) రిపోర్టర్ ఫోన్ ఇవ్వమని కొట్లాడుతున్నా వదల్లేదు. ఆ స్పీడ్‌కి తర్వాతి ఏడాది పులిట్జర్ కూడా వచ్చింది. కానీ అదే స్పీడ్‌లో వేరే వార్తలు కూడా వెళ్ళిపోయాయి, ఒక సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ కూడా చనిపోయాడని వచ్చింది, అది తప్పు. దొరికిన రైఫిల్ జర్మన్ మౌజర్ అని వచ్చింది, తీరా చూస్తే అది ఇటలీలో తయారైన 6.5 మిల్లీమీటర్ల మాన్లిఖర్ కార్కానో.

వీటన్నిటికంటే ఎక్కువ కాలం వెంటాడింది డాక్టర్ మాల్కమ్ పెర్రీ మాట. ఆ మధ్యాహ్నమే హాస్పిటల్లో ప్రెస్ కాన్ఫరెన్స్ పెట్టి, గొంతు మీద గాయం బుల్లెట్ లోపలికి వెళ్ళిన గాయంలా కనిపించిందని చెప్పారు. ఆయన ఎమర్జెన్సీ రూంలో ప్రాణం కాపాడాలనే తొందరలో పని చేసిన మనిషి, ఊపిరి ఆడటానికి ట్యూబ్ పెట్టడం కోసం ఆ గాయం మీదే కోత పెట్టారు, వీపు వైపు ఉన్న గాయాన్ని చూడనే లేదు. రాత్రి బెథెస్డా నేవీ హాస్పిటల్లో పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్లకేమో ఆ కోత కింద బుల్లెట్ గాయం ఉందని మర్నాడు పెర్రీకి ఫోన్ చేసేదాకా తెలియలేదు. పేపర్లు మాత్రం మొదటి మాటని పెద్దగా వేసి, తర్వాత వచ్చిన వివరణని చిన్నగా వేశాయి. ముందు నుంచి కాల్చారు అనే థియరీకి మొదటి ఇటుక అక్కడే పడింది. తప్పు రావడం సహజమే అనుకుందాం, కానీ దిద్దుబాటు కూడా అదే సైజులో వేసి ఉంటే ఎంత బాగుండేది.

ఓస్వాల్డ్ చావులో మీడియాకి పాత్ర ఉందని అంటారు, అది కూడా కుట్ర కథేనా?

కాదండి, ఇది హత్య మీద దర్యాప్తుకి గవర్నమెంట్ వేసి, ఓస్వాల్డ్ ఒక్కడే చేశాడని తేల్చిన వారెన్ కమిషన్ రిపోర్టులోనే ఉంది. డాలస్ పోలీస్ హెడ్‌క్వార్టర్స్ మూడో ఫ్లోర్ కారిడార్ అంతా రిపోర్టర్లు, కెమెరాలు, వైర్లు, ఓస్వాల్డ్‌ని ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకెళ్ళాలన్నా వాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళాల్సిందే. శుక్రవారం అర్ధరాత్రి అతన్ని ప్రెస్ ముందు నిలబెట్టారు, ఆ గుంపులో జాక్ రూబీ కూడా ఉన్నాడు. ఆదివారం జైలు మార్చే టైం గురించి పోలీస్ చీఫ్ ముందే రిపోర్టర్లకి హింట్ ఇచ్చేశారు, లైవ్‌లో చూపించడానికి ఛానళ్ళు రెడీగా ఉన్నాయి, ఎన్‌బీసీలో ఆ హత్య లైవ్‌గా వెళ్ళిపోయింది. పోలీసులతో పాటు మీడియా కూడా ఈ వైఫల్యంలో బాధ్యత పంచుకోవాల్సిందే అని కమిషన్ రాసింది. ఆ ఒక్క బుల్లెట్‌తో కోర్టు, సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ అన్నీ పోయాయి. కోర్టులో తేలాల్సింది పత్రికల్లో తేల్చాల్సి వచ్చింది.

జప్రూడర్ ఫిల్మ్ 12 ఏళ్ళు జనానికి ఎందుకు చూపించలేదు?

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో మీడియా చేసిన అతి పెద్ద తప్పు ఇదే.

ఏబ్రహాం జప్రూడర్ డాలస్‌లో లేడీస్ డ్రెస్సులు తయారుచేసే వ్యాపారి. 8 ఎంఎం హోమ్ మూవీ కెమెరాతో తీసిన ఆ ఫిల్మ్ మొత్తం 26 సెకన్లు, 486 ఫ్రేములు. మర్నాడు పొద్దున్నే లైఫ్ మ్యాగజైన్ మనిషి రిచర్డ్ స్టోలీ వచ్చి ముందు ప్రింట్ హక్కులు 50 వేల డాలర్లకి, తర్వాత రెండ్రోజుల్లో మొత్తం హక్కులు లక్షా 50 వేల డాలర్లకి కొన్నారు. తల మీద బుల్లెట్ తగిలే ఫ్రేమ్, నంబర్ 313, అది వేయొద్దని జప్రూడరే అడిగారు, ఆయన బాధ అర్థం చేసుకోవచ్చు, కుటుంబం గురించి ఆలోచిస్తే మొదటి వారంలో అది వేయకపోవడం సరైనదే అని నేనూ అంటాను. కానీ తర్వాత జరిగింది వేరు. ఫిల్మ్‌ని బీరువాలో పెట్టేశారు, విడిగా కొన్ని ఫ్రేములు మాత్రం వేస్తూ పోయారు.

జనం చూడలేరు కాబట్టి చూసినవాళ్ళు ఏం చెప్తే అదే నమ్మాలి. సీబీఎస్ రిపోర్టర్ డాన్ రాదర్ ఆ ఫిల్మ్ చూసి టీవీలో వర్ణించి చెప్పారు, బుల్లెట్ తగలగానే తల గట్టిగా ముందుకి వెళ్ళిందన్నారు. ఫిల్మ్‌లో ఒక్క ఫ్రేమ్ పాటు కొద్దిగా ముందుకి కదిలినా, ఎవరి కంటికైనా కొట్టొచ్చినట్టు కనిపించేది తల వెనక్కి, ఎడమ వైపుకి వెళ్ళడమే. లైఫ్ ఇంకో అడుగు ముందుకేసి 1963 డిసెంబర్ 6 సంచికలో, గొంతు గాయం ముందు నుంచి వచ్చినట్టు ఎందుకుందంటే కెనెడీ అప్పుడు జనానికి చెయ్యి ఊపుతూ బాగా కుడివైపుకి వెనక్కి తిరిగారు, ఫిల్మ్‌లో అది కనిపిస్తుంది అని రాసింది. ఫిల్మ్‌లో అలాంటిది లేనే లేదు. ఫిల్మ్ తమ దగ్గరే పెట్టుకుని అందులో లేనిది ఉందని రాశారంటే ఏమనాలి చెప్పండి. కావాలని రాశారా, డెడ్‌లైన్ తొందరలో రాశారా అనేది పక్కన పెట్టినా, తర్వాత ఫిల్మ్ చూసినవాడికి మీడియా మీద నమ్మకం ఎక్కడ మిగుల్తుంది?

1966 నవంబర్‌లో అదే లైఫ్ మ్యాగజైన్ కేసు మళ్ళీ తెరవాలని రాసింది, అప్పుడు కూడా ఫిల్మ్ చూపించలేదు. ఒక రచయిత తన పుస్తకంలో ఫ్రేముల ఆధారంగా బొగ్గు పెన్సిల్ బొమ్మలు వేయించి పెట్టుకుంటే పేరెంట్ కంపెనీ టైమ్ ఇన్‌కార్పొరేటెడ్ కోర్టుకెక్కింది, 1968లో ఓడిపోయింది. 1969లో న్యూ ఓర్లియన్స్ కోర్టులో కేసు కోసం ఫిల్మ్ తెప్పించాక దొంగ కాపీలు బయటికొచ్చాయి. చివరికి 1975 మార్చి 6న ఏబీసీలో జెరాల్డో రివేరా లేట్ నైట్ షోలో దేశం మొత్తం మొదటిసారి చూసింది, స్టూడియోలో కూర్చున్న ఆడియన్స్ నోటి నుంచి వచ్చిన ఆ శబ్దం రికార్డింగ్‌లో ఇప్పటికీ వినొచ్చు. అదే ఏడాది లైఫ్ ఒక్క డాలర్‌కి ఫిల్మ్‌ని జప్రూడర్ కుటుంబానికి తిరిగిచ్చేసింది, 1999లో గవర్నమెంట్ ఆ కుటుంబానికి 16 మిలియన్ డాలర్లు కట్టింది.

తల వెనక్కి వెళ్ళడానికి ముందు నుంచి కాల్చడమే కారణం కానక్కర్లేదని నిపుణులు చెప్పే వివరణలు ఉన్నాయి, అవి కొట్టిపారేసేవి కావు. కానీ 1963లోనే ఫిల్మ్ చూపించి ఆ వివరణ పక్కనే ఇచ్చి ఉంటే అది వివరణలా వినిపించేది, 12 ఏళ్ళు దాచి ఇస్తే మసిపూసి మారేడుకాయ చేస్తున్నట్టు వినిపించింది.

ఓస్వాల్డ్ రైఫిల్ పట్టుకున్న ఫోటో ఫేక్ అంటారు, నిజమా?

ఫోటో అసలుదే. అతని భార్య మరీనా తానే తీశానని చెప్పింది, 1970ల్లో ఈ కేసుని మళ్ళీ పరిశీలించిన అమెరికా కాంగ్రెస్ కమిటీ (హౌస్ సెలెక్ట్ కమిటీ) పెట్టిన ఫోటో నిపుణుల ప్యానెల్ కూడా నెగెటివ్, కెమెరా పరీక్షించి అసలుదే అంది. మరి ఫేక్ అనే మాట ఎందుకు నిలబడింది అంటే, ఒకటి ఓస్వాల్డే పోలీసులతో నా తల వేరేవాడి ఒంటి మీద అతికించారు అన్నాడు. రెండోది మీడియా చేసింది. లైఫ్ 1964 ఫిబ్రవరి 21 కవర్ మీద ఆ ఫోటో వేసింది, న్యూస్‌వీక్, న్యూయార్క్ టైమ్స్ కూడా వేశాయి, ప్రింటింగ్‌లో స్పష్టంగా రావాలని ఎవరికి వాళ్ళు రీటచ్ చేసుకున్నారు. ఒకదాంట్లో రైఫిల్ మీద టెలిస్కోప్ మాయం, ఒకదాంట్లో రైఫిల్ అంచు వేరేలా ఉంది. పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకి ఇది మార్ఫింగ్ అనిపించక ఇంకేం అనిపిస్తుంది? రీటచ్ చేశామని ఈ పత్రికలే కమిషన్‌కి ఒప్పుకున్నాయి, అది రిపోర్టులో ఉంది, కానీ కవర్ చూసిన లక్షల మందిలో రిపోర్టు చదివింది ఎంతమంది?

వారెన్ రిపోర్టుని పేపర్లు ఎలా తీసుకున్నాయి?

చేతులెత్తి దండం పెట్టాయి. 1964 సెప్టెంబర్ 27న బయటికొచ్చిన 888 పేజీల రిపోర్టుని అదే రాత్రి టీవీలో స్పెషల్ ప్రోగ్రాంలు పెట్టి, మర్నాడు ఫ్రంట్ పేజీల్లో ఇక సందేహాలు తీరిపోయాయని రాశారు. దానికి ఆధారమైన సాక్ష్యాలు, వాంగ్మూలాలు ఉన్న 26 వాల్యూములు వచ్చింది నవంబర్‌లో. అంటే సాక్ష్యం చూడకుండానే తీర్పు బాగుందని రాసేశారన్నమాట. నవంబర్‌లో ఆ వాల్యూములు వచ్చాక వాటిని పేజీ పేజీ తిప్పి చూసింది పెద్ద పేపర్లు కాదు, సొంత ఖర్చుతో కూర్చున్న మామూలు మనుషులు, గృహిణులు, లాయర్లు, ఒక గ్రాడ్యుయేట్ స్టూడెంట్. వాళ్ళు చెప్పినవన్నీ కరెక్ట్ అనను, కానీ ఆ పని చేయాల్సింది రిపోర్టర్లు.

మీడియా, కమిషన్ కుమ్మక్కయ్యాయా?

కుమ్మక్కు అనే మాట పెద్దది, కానీ చనువు ఎక్కువైంది. 1967 జూన్‌లో సీబీఎస్ వాల్టర్ క్రాంకైట్‌తో వరసగా నాలుగు రాత్రులు వారెన్ రిపోర్టు మీద స్పెషల్ ఇచ్చింది. అందులో మంచి పని కూడా ఉంది, ఒక టవర్ కట్టి, కదిలే టార్గెట్ మీద అదే రకం రైఫిల్‌తో షూటర్లతో కాల్పించి ఆ టైంలో మూడు షాట్లు సాధ్యమా అని టెస్ట్ చేశారు. కానీ కమిషన్ మెంబర్ జాన్ మెక్‌లాయ్ తెర వెనక స్క్రిప్టుల మీద సలహాలిచ్చారు, ఆయన కూతురు సీబీఎస్ న్యూస్ ప్రెసిడెంట్ రిచర్డ్ సాలంట్ ఆఫీసులో అసిస్టెంట్. ఈ సంగతి ప్రేక్షకులకి చెప్పలేదు, తర్వాతెప్పుడో బయటపడింది. ప్రోగ్రాంలో చెప్పిన నిజాలు కూడా దానివల్ల మసకబారాయి.

కుట్ర థియరీ అనే మాటే సీఐఏ పుట్టించింది అంటారు కదా?

పుట్టించలేదు, ఆ మాట అంతకుముందు నుంచే వాడుకలో ఉంది. కానీ ఈ పుకారు వెనకున్న కాగితం మాత్రం అసలుది. 1967లో సీఐఏ తన స్టేషన్లకి 1035-960 నంబర్‌తో ఒక ఆదేశం పంపింది, వారెన్ రిపోర్టుని విమర్శించేవాళ్ళకి జవాబివ్వడానికి పరిచయమున్న ఎడిటర్లతో మాట్లాడండి, పుస్తక సమీక్షలు, ఫీచర్ వ్యాసాలు దీనికి బాగా పనికొస్తాయి అని అందులో ఉంది. న్యూయార్క్ టైమ్స్ సమాచార చట్టం కింద అడిగితే 1976లో ఇచ్చారు. నా బాధేంటంటే, కాగితంలో నిజంగా ఉన్నదే చాలినంత సీరియస్, దాని మీద లేనిది అతికించి షేర్ చేయడం వల్ల అసలు కాగితాన్ని కూడా ఎవరూ నమ్మని పరిస్థితి వస్తోంది.

జిమ్ గారిసన్ సంగతేంటి? ఆయన హీరోనా విలనా?

స్టోన్ సినిమాలో హీరో. న్యూ ఓర్లియన్స్ డిస్ట్రిక్ట్ అటార్నీగా రహస్యంగా దర్యాప్తు చేస్తుంటే స్టేట్స్ ఐటమ్ అనే లోకల్ పేపర్ రిపోర్టర్లు ఆఫీసు ఖర్చుల వోచర్లు తిరగేసి, 8 వేల డాలర్లకి పైగా ఖర్చయిందని పట్టుకుని 1967 ఫిబ్రవరి 17న బయటపెట్టారు. రిపోర్టింగ్ అంటే అదీ. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి మీడియా దిగింది, మార్చి 1న క్లే షా అనే వ్యాపారవేత్తని అరెస్ట్ చేశారు, గారిసన్ రోజుకో మాట చెప్పడం, పేపర్లు దాన్ని హెడ్‌లైన్ చేయడం. సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ రిపోర్టర్ జేమ్స్ ఫీలన్ ఒక్కరు కూర్చుని ముఖ్య సాక్షి మొదటి వాంగ్మూలం నోట్స్ చదివి, కుట్ర మాట్లాడుకున్న పార్టీ అనేదే అందులో లేదని చూపించారు. ఎన్‌బీసీ గారిసన్‌కి వ్యతిరేకంగా ఎంత ఏకపక్షంగా గంట ప్రోగ్రాం చేసిందంటే ఆయనకి జవాబు చెప్పుకోవడానికి అరగంట టైం ఇవ్వాల్సొచ్చింది.

1969 మార్చి 1న జ్యూరీ గంట కూడా తీసుకోకుండా క్లే షాని నిర్దోషి అంది. కానీ ఆ మనిషి జీవితం అప్పటికే పోయింది, మళ్ళీ ఇంకో కేసు పెట్టారు, దాన్ని 1971లో ఫెడరల్ కోర్టు ఆపింది, 1974లో ఆయన చనిపోయారు. కెనెడీ హత్యలో కోర్టు విచారణ ఎదుర్కొన్న ఏకైక మనిషి ఆయనే. కుట్ర థియరీ చెప్పేటప్పుడు అందులో పేరు పెట్టిన ప్రతివాడూ రక్తమాంసాలున్న మనిషి అనే సంగతి మీడియా ఎంత తేలిగ్గా మర్చిపోతుందో చూడండి.

గొడుగు మనిషి ఎవరు?

ఎండ కాస్తున్న రోజు డీలీ ప్లాజాలో నల్ల గొడుగు తెరిచి నిలబడ్డ మనిషి. సిగ్నల్ ఇచ్చాడన్నారు, గొడుగులో ఆయుధం ఉందన్నారు, డయాగ్రములతో సహా ప్రచురించారు. 1978లో ఆయనే హౌస్ కమిటీ ముందుకొచ్చి చెప్పాడు: కెనెడీ తండ్రి హిట్లర్ కాలంలో బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ మెతక విధానాన్ని సపోర్ట్ చేశాడు కాబట్టి, చాంబర్లేన్ గుర్తు అయిన గొడుగు పట్టుకుని ఎగతాళి చేద్దామని వచ్చాడట. అంతే.

1979లో కాంగ్రెస్ కమిటీయే కుట్ర అని తేల్చింది కదా, మరి మీడియా ఎందుకు ఒప్పుకోదు?

హౌస్ సెలెక్ట్ కమిటీ బహుశా కుట్ర జరిగి ఉండొచ్చు అంది. దానికి ముఖ్య ఆధారం ఒక పోలీస్ మోటార్‌సైకిల్ మైక్ ఆన్‌లో ఉండిపోయి రికార్డయిందన్న శబ్దం, అందులో నాలుగో షాట్ డీలీ ప్లాజాలో కారుకి ముందువైపున్న గడ్డి దిబ్బ నుంచి వచ్చిందని నిపుణులు 95 శాతం గ్యారంటీగా చెప్పారు. ఈ వార్త పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది. తర్వాత గ్యాలరీ అనే మ్యాగజైన్ ఆ రికార్డింగ్‌ని పల్చటి ప్లాస్టిక్ రికార్డుగా సంచికలో పెట్టి ఇచ్చింది. ఒహాయోలో ఒక డ్రమ్మర్ దాన్ని మళ్ళీ మళ్ళీ విని, షాట్లు అంటున్న చోట వెనకాల సన్నగా షెరీఫ్ మాట వినిపిస్తోందని పట్టుకున్నాడు. ఆ మాట కాల్పులు అయిపోయాక సుమారు నిమిషానికి అన్నది, అంటే ఆ శబ్దాలు కాల్పులవి కాలేవు. 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్యానెల్ కూడా ఇదే తేల్చింది. ఇప్పటికీ దీని మీద వాదించేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, ఒక మ్యాగజైన్ అసలు సాక్ష్యాన్ని జనం చేతికి ఇచ్చింది, జనంలో ఒకడు తప్పు పట్టాడు. లైఫ్ ఫిల్మ్‌తో చేసినదానికి పూర్తిగా రివర్స్. కానీ 1979 హెడ్‌లైన్ గుర్తున్నంతగా 1982 వార్త ఎవరికీ గుర్తులేదు.

మ్యాజిక్ బుల్లెట్ గాల్లో మలుపు తిరిగిందా?

లేదు. కెనెడీ మెడలోంచి వెళ్ళిన బుల్లెట్టే కానలీకి కూడా తగిలిందని వారెన్ కమిషన్ చెప్పింది, నమ్మనివాళ్ళు దాన్నే మ్యాజిక్ బుల్లెట్ అంటారు. టీవీల్లో చూపించే చాలా బొమ్మల్లో కానలీని కెనెడీకి సరిగ్గా ముందు, అదే ఎత్తులో కూర్చోబెడతారు. నిజానికి ఆయన కూర్చున్న సీటు కిందికి, కారు లోపలి వైపుకి ఉంది, కుడివైపుకి తిరిగి కూడా ఉన్నారు. అలా గీస్తే గీత తిన్నగానే వస్తుంది. అన్ని గాయాలు చేసిన బుల్లెట్ అంత తక్కువగా దెబ్బతినడం మీద వాదన చేసుకోవచ్చు, మలుపుల మీద వాదన అనవసరం.

ఆలివర్ స్టోన్ సినిమా మీద మీడియా ఎందుకు అంతలా విరుచుకుపడింది?

సినిమా రిలీజ్‌కి ఏడు నెలల ముందే, ఇంకా షూటింగ్ జరుగుతుండగానే, 1991 మేలో వాషింగ్టన్ పోస్ట్ స్క్రిప్ట్ మొదటి డ్రాఫ్ట్ సంపాదించి ఉతికి ఆరేసింది. డిసెంబర్‌లో న్యూస్‌వీక్ ఈ సినిమాని నమ్మొద్దని కవర్ స్టోరీ వేసింది. వాళ్ళు చూపించిన తప్పుల్లో చాలావరకు నిజంగానే తప్పులు, ముఖ్యంగా నిర్దోషిగా విడుదలైన క్లే షాని చూపించిన తీరు నేను సమర్థించలేను, అసలు ఫుటేజ్‌నీ కల్పించినదాన్నీ కలిపి కట్ చేయడం కూడా. కానీ జనం గమనించింది ఇంకోటి, 28 ఏళ్ళుగా ఫైళ్ళు తెరవండి అని గవర్నమెంట్ మీద ఇంత కోపంగా విరుచుకుపడని పత్రికలు ఒక సినిమా మీద విరుచుకుపడుతున్నాయి. ఆ ప్రశ్నకి సరైన జవాబు నాకు ఎక్కడా కనపడలేదు.

సినిమా చివర హౌస్ కమిటీ ఫైళ్ళు 2029 దాకా సీల్ అని కార్డు వేశారు. దాంతో వచ్చిన ఒత్తిడికి 1992 అక్టోబర్ 26న జేఎఫ్‌కే రికార్డుల చట్టం వచ్చింది, లక్షల పేజీలు బయటపడ్డాయి. కల్పన నిండిన సినిమా చేసిన ఈ పని వార్తా సంస్థలు చేయలేకపోయాయి.

టీవీ డాక్యుమెంటరీలని నమ్మొచ్చా?

పేరు డాక్యుమెంటరీ అయినంత మాత్రాన నమ్మకండి. 2003 నవంబర్‌లో హిస్టరీ ఛానల్ వైస్ ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్‌కి హత్యతో సంబంధం ఉందనే ఎపిసోడ్ వేసింది, ఆయన భార్య, మాజీ ప్రెసిడెంట్లు ఫోర్డ్, కార్టర్ అభ్యంతరం చెప్పారు. ఛానల్ ముగ్గురు చరిత్రకారులతో పరిశీలన చేయించి, ఆరోపణకి ఆధారం లేదని 2004 ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పింది. అదే నవంబర్‌లో ఏబీసీలో పీటర్ జెన్నింగ్స్ ఇచ్చిన స్పెషల్ ఓస్వాల్డ్ ఒక్కడే అని కంప్యూటర్ యానిమేషన్‌తో చూపించింది, ఎలా లెక్కేశారో కూడా చెప్పింది. లెక్క చెప్పేది, చెప్పనిది అనే తేడా పట్టుకుంటే చాలు.

టెడ్ క్రూజ్ తండ్రికి ఓస్వాల్డ్‌తో ఏంటి సంబంధం?

ఏమీ లేదు. క్రూజ్ రిపబ్లికన్ పార్టీలో ట్రంప్‌కి పోటీగా నిలబడ్డ సెనేటర్. 2016 ఎన్నికలప్పుడు నేషనల్ ఎంక్వైరర్ అనే టాబ్లాయిడ్ ఒక పాత ఫోటోలో ఓస్వాల్డ్ పక్కనున్నది క్రూజ్ తండ్రి అని వేసింది, మే 3న ట్రంప్ టీవీలో అదే మాట ఎత్తారు, అప్పుడు మామూలు ఛానళ్ళు కూడా ఆ ఆరోపణని రోజంతా తిప్పాయి. ఆధారం లేదు అంటూనే తిప్పాయి. 2024లో ఆ పత్రిక మాజీ అధిపతి డేవిడ్ పెకర్ కోర్టులో ప్రమాణం చేసి, ఫోటోలు కలిపి అల్లిన కథ అని చెప్పేశారు. ఎనిమిదేళ్ళు పట్టింది.

మరి మీడియా ఏదైనా సరిగ్గా చేసిందా?

చేసింది. హత్యకి కొన్ని వారాల ముందు ఓస్వాల్డ్ డాలస్ ఎఫ్‌బీఐ ఆఫీసుకెళ్ళి ఒక నోట్ ఇచ్చాడు, అతను చచ్చాక ఏజెంట్ జేమ్స్ హోస్టీ దాన్ని చింపి టాయిలెట్లో వేసి ఫ్లష్ చేశాడు. వారెన్ కమిషన్‌కి ఇది చెప్పలేదు. 1975లో బయటపెట్టింది డాలస్ టైమ్స్ హెరాల్డ్, ఊరి పేపరు.

ఇంకోటి, జెఫర్సన్ మార్లీ అనే మాజీ వాషింగ్టన్ పోస్ట్ జర్నలిస్ట్ 2003లో సీఐఏ మీద కేసు వేశారు. 1963లో ఓస్వాల్డ్‌తో గొడవపడిన క్యూబన్ ప్రవాసుల గ్రూపుని నడిపించిన సీఐఏ అధికారి జార్జ్ జొఅనైడ్స్, 1978లో కాంగ్రెస్ కమిటీకి ఫైళ్ళు అందించే మనిషిగా వచ్చాడు, తన పాత పని గురించి వాళ్ళకి చెప్పకుండా. అతను హవర్డ్ అనే మారుపేరు వాడిన సంగతి సీఐఏ ఒప్పుకునే కాగితాలు 2025 జులైకి గానీ రాలేదు. ఇది సీఐఏ చంపిందని చెప్పదు, సీఐఏ దాచిందని చెప్తుంది. ఈ రెండిటి మధ్య తేడా పట్టుకుని ఇన్నేళ్ళు ఓపిగ్గా కాగితాల వెంట పడటం నాకు చాలా గౌరవం కలిగించే పని.

మీరు ఏం నమ్ముతారు?

అడిగారు కాబట్టి చెప్తాను. కాల్చింది ఓస్వాల్డే అనుకుంటున్నాను. రైఫిల్ మారుపేరుతో పోస్టులో తెప్పించుకున్నాడు, దాని మీద అతని అరచేతి ముద్ర ఉంది, బుల్లెట్ ముక్కలు ఆ రైఫిల్‌తో సరిపోయాయి, ముప్పావు గంటలో టిప్పిట్ అనే పోలీస్‌ని చంపాడు. వెనక ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారని చూపించే గట్టి ఆధారం నేను చదివినంతలో లేదు. అదే సమయంలో కాస్ట్రోని చంపడానికి సీఐఏ మాఫియాతో కలిసి వేసిన ప్లాన్లు వారెన్ కమిషన్‌కి చెప్పకుండా దాచారు, కమిషన్‌లో కూర్చున్న మాజీ సీఐఏ డైరెక్టర్ అలెన్ డల్లెస్‌కి తెలిసి కూడా నోరు విప్పలేదు, 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నడిపిన సెనేట్ కమిటీ (చర్చ్ కమిటీ) వల్ల ఇదంతా బయటికొచ్చింది. కాబట్టి అనుమానించినవాడిని తప్పుపట్టను.

2025లో వచ్చిన ఫైళ్ళలో కొత్తగా ఏముంది? ఒరిజినల్స్ ఎక్కడ చదవాలి?

జనవరి 23న ట్రంప్ ఆర్డర్ ఇచ్చారు, మార్చి 18న వేల పేజీలు పెట్టారు. గంటలోపే పాత కాగితాల స్క్రీన్‌షాట్లు కొత్తవన్నట్టు తిరగడం మొదలైంది, వాటిలో చాలా వరకు అంతకుముందే కొద్ది పదాలు నల్లగా కొట్టేసి విడుదల చేసినవే. తొందరలో బతికున్న వందల మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా బయటపెట్టేశారు, అది వాషింగ్టన్ పోస్ట్ లాంటి పేపర్లు చూసి రాస్తేనే తెలిసింది. సీఐఏ పని తీరు గురించి తెలిసింది ఎక్కువ, హత్య గురించి తెలిసింది తక్కువ.

ఒరిజినల్స్ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, మేరీ ఫెరెల్ ఫౌండేషన్ సైట్‌లో వెతుక్కోవడం ఇంకా ఈజీ. ప్రతి కాగితానికీ ఒక రికార్డు నంబర్ ఉంటుంది, 104తో మొదలైతే సీఐఏది, 124 అయితే ఎఫ్‌బీఐది, 180 అయితే హౌస్ కమిటీది. ఎవరైనా ఇప్పుడే బయటపడింది అని ఒక పేజీ పంపితే ఆ నంబర్ కొట్టి చూడండి, అదే కాగితం 2017లోనో 2022లోనో ఎంత భాగం కనిపించేలా వచ్చిందో పక్కపక్కన పెట్టుకోవచ్చు. పేజీ మీద నంబర్ కనపడకుండా క్రాప్ చేసి పంపితే మాత్రం, ముందు మొత్తం పేజీ పంపమని అడగండి.